షాట్‌కి ముందు అర నిమిషం: నా గోల్ఫ్ ప్రీ-షాట్ రొటీన్ తయారీ డైరీ

ఎందుకు మొదలుపెట్టాను

గోల్ఫ్ రేంజ్‌లో, అంటే సాధన చేసే చోట, 7 ఐరన్ అనే క్లబ్‌తో వరసగా మంచి షాట్లు పడతాయి. అదే క్లబ్ కోర్సు మీద, ముందు నీళ్లు, వెనక మన షాట్ కోసం ఆగిన గ్రూపు, జేబులో స్కోర్‌కార్డు ఉన్నప్పుడు చేతికి కొత్తగా అనిపిస్తుంది. చాలామంది దీన్ని స్వింగ్ సమస్య అనుకుని మళ్లీ రేంజ్‌కే వెళ్తారు. నా లెక్క వేరు. ఒక చోట వచ్చే స్వింగ్ ఇంకో చోట రాకపోతే ఆ రెండు చోట్ల మధ్య తేడా ఏంటో చూడాలి. రేంజ్‌లో నిర్ణయం అంటూ ఏమీ ఉండదు, అదే నేల, అదే క్లబ్, ఒకటి పక్కకి పోతే బుట్టలోంచి ఇంకోటి. కోర్సు మీద ప్రతి షాటూ ఒక నిర్ణయంతో మొదలవుతుంది, ఆ నిర్ణయానికి దొరికేది ఒకే ఒక్క బంతి.

అందుకని ఈ సీజన్‌లో స్వింగ్ ముట్టుకోను, క్లబ్బులు మార్చను, గ్రిప్ కూడా అదే. షాట్‌కి ముందు తలలో జరిగే పనిని మాత్రం ఒక వరసలో పెడతాను. అది అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవర్ క్లబ్ దగ్గర నుంచి బంతిని హోల్‌లోకి దొర్లించే చిన్న పుట్ దాకా ఒకేలా నడవాలి. పని సాగే కొద్దీ ఇందులో రాస్తున్నాను, నిలబెట్టుకున్నవీ తీసేసినవీ రెండూ.

ముందు కొలత

ఏదైనా మార్చే ముందు ఇప్పుడు ఏం జరుగుతోందో తెలియాలి కదా. నాతో ఎప్పుడూ ఆడే స్నేహితుడు కొన్ని రౌండ్లలో ఫోన్‌తో నన్ను వీడియో తీశాడు, బ్యాగ్‌లోంచి క్లబ్ తీసినప్పటి నుంచి బంతి తగిలేదాకా. స్వింగ్ చూడ్డానికి కాదు, టైము చూడ్డానికి. 

తేలిన విషయం చాలా స్పష్టంగా ఉంది. బంతి వెనక నిలబడి చూసే టైము సులువైన షాట్‌కీ కష్టమైన షాట్‌కీ ఇంచుమించు ఒకటే. తేడా అంతా బంతి మీదకి వంగి నిలబడ్డాక వస్తోంది. వెడల్పాటి ఫెయిర్‌వే (హోల్ వైపు వెళ్లే, కత్తిరించిన గడ్డి దారి) అయితే రెండు మూడు సెకన్లలో క్లబ్ కదులుతుంది, నీళ్ల మీదుగా కొట్టాల్సి వస్తే ఆ నిలబడటం రెట్టింపు దాటిపోతుంది. అంటే కష్టమైన చోట తీసుకోవాల్సిన నిర్ణయం వెనక పూర్తి కాకుండా బంతి దగ్గరికి వచ్చేస్తోంది, అక్కడ చేతులు బిగుసుకుంటూ ఉండగా తల ఇంకా క్లబ్ గురించి, గాలి గురించి వాదించుకుంటూ ఉంది. ప్రాజెక్టు మొత్తానికి ఈ ఒక్క వీడియో పరిశీలనే పునాది అయింది: ఆలోచన బంతి వెనకే అయిపోవాలి.

గీత ఎక్కడ గీయాలి

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. స్వీడన్ గోల్ఫర్ అన్నికా సోరెన్‌స్టామ్‌తో పనిచేసిన కోచ్ పియా నిల్సన్, ఆమెతో కలిసి నేర్పే లిన్ మారియట్ ఈ విషయాన్నే రెండు గడులుగా చెబుతారు. బంతి వెనక ఒక గడి, అక్కడ ఆలోచిస్తారు. బంతి దగ్గర ఇంకో గడి, అక్కడ ఆడతారు. మధ్యలో ఒక ఊహా గీత, దాన్ని దాటాక నిర్ణయాలు ఉండవు. అన్నికా 2001 మార్చిలో ఫీనిక్స్‌లో మహిళల ప్రొఫెషనల్ పోటీలైన ఎల్‌పీజీఏ టూర్ చరిత్రలో మొట్టమొదటి 59 కొట్టారు, అంటే 18 హోల్స్‌కి 59 షాట్లు, గోల్ఫ్‌లో స్కోరు ఎంత తక్కువైతే అంత మేలు. ఆ స్కోరు ఒక్క రొటీన్ వల్లే వచ్చిందని అనను, అలాంటి స్వింగ్ ఎంతమందికి ఉంది. కానీ ఆవిడ పాత వీడియోలు చూస్తే మొదటి హోల్లోనూ చివరి హోల్లోనూ నడక, చూపు, ఆగే టైము అన్నీ ఒకేలా ఉంటాయి, అది మాత్రం నేర్చుకోగలిగిందే.

గీత గీయడం మొదటి వారమే సులువైపోయింది. గీతకి వెనక ఏం చెయ్యాలన్న దగ్గరే అసలు పని. బంతి ఎలాంటి గడ్డిలో ఉంది, గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ముందు అంచుకి ఎంత దూరం, గాలి ఎటు, ఎటు తప్పితే మళ్లీ ఆడగలం, ఎటు తప్పితే బంతే పోతుంది. ఈ ప్రశ్నలకి జవాబులు వచ్చాక వాటన్నిటినీ ఒక్క వాక్యంలోకి కుదించి పెదాలు కదిలేలా నాలో నేనే చెప్పుకోవడం పెట్టుకున్నాను. "6 ఐరన్, బంకర్ కుడి అంచు మీద మొదలై గ్రీన్ మధ్యలో పడుతుంది." (బంకర్ అంటే ఇసుక గుంట.) వాక్యం పూర్తిగా రాలేదంటే నిర్ణయం పూర్తి కాలేదని అర్థం, గీత దాటకూడదు. లోపల అనుకుంటే చాలదా అనిపించవచ్చు, నేను రెండూ చూశాను. లోపల అనుకున్న వాక్యం సగంలోనే "లేదా 5 ఐరన్ అయితే" అంటూ పక్కకి జారిపోతుంది, పెదాలతో పలికిన దానికి చివర ఒక చుక్క పడుతుంది.

వాక్యంలో నీళ్లు, ఓబీ (కోర్సు హద్దు అవతల), చెట్లు ఉండకూడదు. వాటి లెక్క ముందే తీసుకున్నాం, ఎటు తప్పాలో ఎంచుకున్నప్పుడే. వాక్యంలోకి వచ్చేది బంతి ఎక్కడికి వెళ్లాలన్నదే, ఎక్కడికి వెళ్లకూడదన్నది కాదు. గురి కూడా చిన్నదిగా ఉండాలి. "ఫెయిర్‌వే" అనేది గురి కాదు, ఫెయిర్‌వే చివర కనిపించే చెట్టు, ఆ చెట్టులో కూడా ఒక కొమ్మ.

గురికి వరసలో నిలబడటం

రేంజ్‌లో నేల మీద కర్రలు పరిచి పాదాలు సరిచూసుకుంటాం. కోర్సు మీద అది కుదరదు. 2019 నుంచి ఉన్న నిబంధన ప్రకారం దిశ చూసుకోవడానికి క్లబ్ లాంటి వస్తువు నేల మీద పెట్టి స్టాన్స్ తీసుకుంటే, అంటే షాట్‌కి పాదాలు కుదుర్చుకుని నిలబడితే, పెనాల్టీ, తర్వాత వెనక్కి తగ్గి ఆ వస్తువు తీసేసినా తప్పదు. కేడీ (క్లబ్బులు మోసే సహాయకుడు) కూడా మనం స్టాన్స్ తీసుకునేటప్పుడు వెనక గురి రేఖలో నిలబడి సరిచెయ్యకూడదు. కాబట్టి అక్కడ ఉన్నదాన్నే వాడుకోవాలి. అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ ఏళ్ల తరబడి చేసింది ఇదే. బంతి వెనక నిలబడి గురికీ బంతికీ మధ్య రేఖలో, బంతికి కొద్ది అడుగుల ముందే ఒక గుర్తు ఎంచుకునేవారు, ఎండుటాకు, పాత డివట్ (క్లబ్ తగిలి గడ్డి లేచిన చోటు), రంగు మారిన గడ్డి, ఏదో ఒకటి. క్లబ్ ముఖాన్ని ఆ దగ్గరి గుర్తుకే సరిచేసేవారు. దూరంగా ఉన్న చెట్టు వైపు తల తిప్పి పాదాలు సర్దుకోవడం కంటే కాళ్ల ముందున్న ఆకు వైపు క్లబ్ పెట్టడం ఎంత తేలికో ఒక్కసారి చేసి చూస్తే చాలు. 

రొటీన్‌లో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మార్చాల్సిన అవసరం రాని భాగం ఇది. క్లబ్ ముఖం ముందు, పాదాలు తర్వాత.

ఊహ: ఇక్కడ చాలా టైము పట్టింది

షాట్‌ని కొట్టకముందే కళ్ల ముందు చూడమని అందరూ చెబుతారు. నిక్లాస్ బంతి ఆగే చోటు ముందు చూసి, అక్కణ్నుంచి వెనక్కి దాని ప్రయాణం, ఆ తర్వాత తన స్వింగ్ చూసేవారట. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ డే అయితే బంతి వెనక నిలబడి కళ్లు మూసుకుంటాడు, టీవీలో అందరూ చూసిందే. 2015 పీజీఏ ఛాంపియన్‌షిప్ 20 అండర్‌తో (కోర్సుకి నిర్ణయించిన స్కోరు కంటే 20 తక్కువ) గెలిచినప్పుడు కూడా అలాగే.

నాకు బొమ్మ రాదు. కళ్లు మూసినా తెరిచినా బంతి గాలిలో ఎగురుతున్న దృశ్యం స్పష్టంగా కనిపించదు, గట్టిగా ప్రయత్నిస్తే ఆ ప్రయత్నమే ఇంకో ఆలోచనగా తయారవుతుంది. కొన్నాళ్లు పట్టుదలగా చేశాక దాన్ని పక్కన పెట్టి వేరే దారి పట్టాను. అందరి ఊహా బొమ్మలోనే నడవాలని లేదు, కొందరికి అది ఒంట్లో తెలుస్తుంది. నేను చేసేది: బంతి ఎక్కడ నేలకి తగులుతుందో ఆ చోటుని మాత్రం కళ్లతో పట్టుకుని, దాన్ని చూస్తూనే ఒక ప్రాక్టీస్ స్వింగ్, ఆ దూరానికి ఎంత బలం కావాలో చేతులకి తెలిసేలా. ఇది గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న చిప్ షాట్లలో వెంటనే పనిచేసింది, పడాల్సిన చోటుని చూస్తూ క్లబ్ ఊపితే చెయ్యి దానంతటదే పొడవు సర్దుకుంటుంది. డ్రైవర్ దగ్గర ఇంకా అంత నమ్మకం కుదరలేదు, అక్కడ పడే చోటు మరీ దూరం. బదులుగా బంతి ఏ కిటికీలోంచి వెళ్లాలో, అంటే ఆ రెండు చెట్ల మధ్య ఎంత ఎత్తులో, అది చూస్తున్నాను. పోను పోను కుదురుతుందేమో చూడాలి.

ప్రాక్టీస్ స్వింగ్ ఒక్కటే. రెండోది మొదలైతే మొదటిదాన్ని సరిదిద్దడం మొదలవుతుంది, అక్కడికి స్వింగ్ పాఠం తలలోకి వచ్చేసినట్టే.

ఊపిరి, మీట

గీత దాటే ముందు ఒక పొడవాటి ఊపిరి. తీసుకునేదానికంటే వదిలేది పొడవుగా ఉండాలి, ఎందుకంటే వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, భుజాలూ దిగుతాయి. టెన్షన్ పోతుందని కాదు, మొదటి టీ మీద, అంటే ఆట మొదలుపెట్టే చోట, టెన్షన్ ఉండి తీరుతుంది, దాన్ని పొమ్మనే ప్రయత్నం నేను మానేశాను. ఊపిరి పని గ్రిప్‌లో పట్టు ఒకేలా ఉంచడం వరకే.

ఆ తర్వాత క్లబ్ ఎప్పుడు కదలాలన్న ప్రశ్న. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పెద్ద ఆటగాళ్లనే ఇబ్బంది పెట్టింది. 2002 యూఎస్ ఓపెన్‌లో బెత్‌పేజ్ కోర్సులో సెర్జియో గార్సియా గ్రిప్ మళ్లీ మళ్లీ సర్దుకుంటుంటే జనం పైకి వినిపించేలా లెక్కపెట్టారు. 2012 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో కెవిన్ నా మూడు రౌండ్ల తర్వాత ముందంజలో ఉండి కూడా క్లబ్ వెనక్కి తీయలేక ఎంత అవస్థ పడ్డాడో చూసినవాళ్లకి తెలుసు, చివరి రోజు స్కోరు 76. వాళ్ల మీద నాకు జాలి కంటే గౌరవమే ఎక్కువ, అంతమంది ముందు, అంత డబ్బు మధ్య అలా పోరాడి ఆడటం మాటలు కాదు. వాళ్లని చూసి నేను తీసుకున్నది ఒకటే: "ఇప్పుడు హాయిగా ఉంది, కొడదాం" అనిపించేదాకా ఆగే రొటీన్‌కి అంతు ఉండదు. హాయిగా అనిపించడం మన చేతిలో లేదు. కదలిక మాత్రం మన చేతిలో ఉంది.

కాబట్టి మీట, అంటే స్వింగ్‌ని మొదలుపెట్టించేది, ఒక కదలికగా పెట్టాను. పాదాలు కుదిరాక క్లబ్ ఒకసారి ఊపు, గురి వైపు ఒక చూపు, చూపు బంతి మీదకి తిరిగి రాగానే కుడి మోకాలు కొంచెం లోపలికి, క్లబ్ వెనక్కి. చూపు తిరిగి రావడానికీ క్లబ్ కదలడానికీ మధ్య ఖాళీ ఉండకూడదు. అనుమానమంతా దూరేది ఆ ఖాళీలోనే.

స్వింగ్ నడిచేటప్పుడు తలలో ఏముండాలి? ఇక్కడ పరిశోధనలు నాకు బాగా సాయపడ్డాయి. గాబ్రియేల్ వుల్ఫ్ బృందం 1999లో కొత్తవాళ్లతో తక్కువ దూరపు పిచ్ షాట్లు కొట్టించింది, చేతుల కదలిక మీద దృష్టి పెట్టినవాళ్ల కంటే క్లబ్ కదలిక మీద పెట్టినవాళ్లు గురికి దగ్గరగా కొట్టారు. సయాన్ బైలాక్ చేసిన పుటింగ్ ప్రయోగాల్లో అనుభవం ఉన్న ఆటగాళ్లు తమ స్ట్రోక్‌ని భాగం భాగంగా గమనించుకున్నప్పుడు ఆట చెడింది, కొత్తవాళ్లకి మాత్రం ఆ గమనింపు సాయపడింది. అంటే ఒంట్లోకి దిగిపోయిన పనిని మళ్లీ విప్పి చూడకూడదు. 2014లో ఇంగ్లండ్‌లోని హోయ్‌లేక్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన రోరీ మెకిల్‌రాయ్ ఆ వారమంతా రెండు మాటలే తలలో పెట్టుకున్నానని తర్వాత చెప్పాడు: ప్రాసెస్, స్పాట్. పొడవు షాట్లకి మొదటిది, పుట్ చేసేటప్పుడు బంతి దొర్లాల్సిన మచ్చ కోసం రెండోది. నేను మాట కూడా పెట్టుకోలేదు, పడాల్సిన చోటునే తలలో పట్టుకుంటున్నాను, మోచేయి గుర్తొచ్చిన ప్రతిసారీ మళ్లీ ఆ చోటుకే.

పుట్లు

మూడు అడుగుల పుట్ ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే మొండిది. దూరం తక్కువ కాబట్టి రొటీన్ అక్కర్లేదనిపిస్తుంది, అక్కడే మనసు "ఇది పడకపోతే" అని మొదలుపెడుతుంది. నాకు పనిచేసింది చూపు. కాల్గరీ యూనివర్సిటీలో జోన్ వికర్స్ బాగా పుట్ చేసేవాళ్లు ఎక్కడ చూస్తారో పరికరాలతో గమనించారు. వాళ్ల చూపు స్ట్రోక్‌కి ముందు బంతి మీద ఒకే చోట రెండు మూడు సెకన్లు కదలకుండా నిలుస్తుంది, బంతి వెళ్లిపోయాక కూడా ఆ నేల మీదే కాసేపు ఉంటుంది. అంత నైపుణ్యం లేనివాళ్ల చూపు బంతికీ పుటర్ క్లబ్‌కీ హోల్‌కీ మధ్య తిరుగుతూ ఉంటుంది. 

నా రొటీన్‌లో ఇప్పుడు బంతి మీదుండే చిన్న గుంటల్లో వెనక భాగంలో ఒకటి ఎంచుకుని దాన్నే చూడటం, బంతి కదిలాక అది ఉన్న గడ్డినే చూడటం. బంతి పడిందో లేదో చెవితో తెలుస్తుంది. చిన్న పుట్లలో తల లేవడం దీంతో దాదాపు ఆగిపోయింది, ఇంతవరకు వచ్చిన ఫలితాల్లో నాకు అన్నిటికంటే సంతోషాన్నిచ్చింది ఇదే.

ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకున్నాను. పీజీఏ టూర్ (అమెరికాలో పురుషుల ప్రొఫెషనల్ పోటీలు) ఆటగాళ్లు 8 అడుగుల పుట్లు హోల్‌లో వేసేది దాదాపు సగం సార్లే. ప్రపంచంలోకెల్లా బాగా ఆడేవాళ్లకి సగం పోతే, అదే దూరంలో నాది పోయినందుకు రొటీన్‌ని తప్పుబట్టాల్సిన పని లేదు.

కోర్సు మీదకి

రేంజ్‌లో రొటీన్ అలవాటు చేసే పద్ధతి కూడా మార్చాను. బుట్టలో సగం బంతులు మామూలుగా, మిగతా సగం ప్రతి బంతికీ క్లబ్ మార్చి, గురి మార్చి, బ్యాగ్ దగ్గరికి నడిచి వచ్చి, పూర్తి వరసతో. నెమ్మదిగా సాగుతుంది, విసుగొస్తుంది, కానీ దీన్ని తప్పించి లాభం లేదు.

కోర్సు మీద మొదటి భయం టైము. నిబంధనలు మన వంతు వచ్చాక 40 సెకన్లలోపు కొట్టమని సిఫార్సు చేస్తాయి, మామూలుగా అంతకంటే త్వరగానే కొట్టాలనీ అంటాయి. నా వరస అందులో సులువుగా పడుతోంది, ఎందుకంటే సగం పని నడుస్తూనే అయిపోతుంది. గాలి ఎటో, దూరం ఎంతో మిగతావాళ్లు ఆడుతుండగానే చూసుకుంటాను. స్నేహితుడైతే "నువ్వు ఇంతకుముందు కంటే త్వరగా కొడుతున్నావ్‌రా, రొటీన్ పెట్టుకున్నానన్నావ్?" అని ఆశ్చర్యపోయాడు. బంతి దగ్గర నిలబడే టైము తగ్గడమే కారణం.

ఆగి వెనక్కి రావడం వేరుగా నేర్చుకోవాల్సి వచ్చింది. గీత దాటాక గాలి మారినా, ఎవరో మాట్లాడినా, "5 ఐరన్ తీయాల్సిందేమో" అనిపించినా వెనక్కి వచ్చి వాక్యం మళ్లీ చెప్పుకోవాలి. కాగితం మీద సులువు. నలుగురు చూస్తుండగా స్టాన్స్ లోంచి బయటికి రావడానికి ధైర్యం కావాలి. దీన్ని కూడా రేంజ్‌లో సాధన చేస్తున్నాను, కావాలనే కొన్ని షాట్లలో చివరి క్షణంలో ఆగి వెనక్కి నడవడం.

స్కోర్‌కార్డులో స్కోరు పక్కన ఒక గడి గీసుకున్నాను. షాట్ బాగుందా లేదా అన్నది అందులో రాయను, రొటీన్ పూర్తయిందా లేదా అన్నదే, ఒక టిక్కు లేదా ఖాళీ. ఖాళీలు ఎక్కడ పడుతున్నాయో చూస్తే నమూనా తెలిసిపోయింది: చెడ్డ షాట్ తర్వాత వెంటనే వచ్చే షాట్, రెండు అడుగుల లోపు పుట్, వెనక గ్రూపు దగ్గరికి వచ్చేసినప్పుడు. బాగా కష్టమైన షాట్లలో ఖాళీలు చాలా తక్కువ, అది నేను అనుకోలేదు.

ఆ మొదటి రకం ఖాళీల కోసం షాట్ తర్వాత కూడా ఒక ముగింపు పెట్టాను. బంతి ఆగాక క్లబ్ తుడిచి బ్యాగ్‌లో పెట్టేదాకా ఆ షాట్ గురించి ఎంతైనా అనుకోవచ్చు, తిట్టుకోవచ్చు, మెచ్చుకోవచ్చు. క్లబ్ బ్యాగ్‌లో పడ్డాక అది అయిపోయింది. మంచి షాట్‌కి ఇంకో క్షణం ఎక్కువ ఇస్తున్నాను, ముగింపు భంగిమలోనే ఉండి బంతి ఎగరడం చివరిదాకా చూడటం, గుర్తు పెట్టుకోవాల్సింది అదే కాబట్టి.

ఇప్పుడున్న వరస, మిగిలిన పని

ప్రస్తుతం ఇలా నడుస్తోంది: నడుస్తూ గాలి, దూరం, తప్పితే ఎటు, బంతి వెనక వాక్యం, దగ్గరి గుర్తు, పడే చోటుని చూస్తూ ఒక ప్రాక్టీస్ స్వింగ్, పొడవు ఊపిరి, గీత, క్లబ్ ముఖం, పాదాలు, ఒక ఊపు, ఒక చూపు, మీట. పుట్ అయితే ఊపు ఉండదు, దాని బదులు ఆ గుంట మీద చూపు.

చేయాల్సినవి రెండున్నాయి. డ్రైవర్ దగ్గర కిటికీ పద్ధతి నిలుస్తుందో లేదో తేల్చాలి, లేకపోతే దగ్గరి గుర్తు మీదుగా బంతి మొదలయ్యే దిశ ఒక్కటే పట్టుకుని చూస్తాను. రెండోది మ్యాచ్ ప్లే, అంటే ఎదుటివాడితో హోల్ హోల్‌కీ గెలుపోటములు చూసే ఆట. అక్కడ ఎదుటివాడి షాట్ చూశాక మన నిర్ణయం మారుతుంది, అప్పటికే చెప్పుకున్న వాక్యాన్ని కొట్టేసి కొత్తది కట్టాలి. ఇంతవరకు రాసిందంతా మొత్తం షాట్లు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో చూసిందే. స్నేహితుడితో మ్యాచ్‌లు మొదలుపెడుతున్నాం, కార్డులో ఆ గడి పక్కన ఇంకోటి గీశాను, వాక్యం మార్చాల్సి వచ్చిన షాట్లకి.